సుపెర్‌స్తెస్ అంటే ఎవరు

రువాల్
జోజప్పగారి పండుగ ముందు శనివారం

పూజ్యులు అన్నయ్య డోన్ చెల్సోగారికి, చెల్లెలు ఓర్సొలా నమస్కరించి రాసేది.

మీరు ఉండే ముసలి ఫాదర్ల ఇంట్లో కిటికీలు సరిగా మూసుకోవని కిందటిసారి రాశారు. అప్పటినుంచీ నాకు నిద్ర లేదు. ఊదినేలో గాలి మా కొండగాలి కంటే చెడ్డది, ఎముకల్లోకి పోతుంది. సందుల్లో పాత పేపరు కుక్కమని సిస్టరుగారితో చెప్పండి. మీరు చెప్పరు, మొహమాటపడతారు. ఈ ఉత్తరం చదివాక దీన్నే కుక్కేయండి, దాచుకునేంత విషయం ఇందులో లేదు.

ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. పొయ్యిగొట్టం నిండా మసి. ఎప్పుడు అంటుకుంటుందో అని పడుకోబోయే ముందు చెయ్యి పెట్టి చూస్తున్నాను. నిచ్చెన వేసుకుని తనే దులుపుతానంటుంది ఇడా. ఉన్న ఒక్క కోడలు పైనుంచి పడితే నేనేం చేయాలి? వద్దన్నాను.

అసలు సంగతి ఇది. మా కొత్త ఫాదరు చర్చి బయటి గోడకి పాలరాతి పలక ఒకటి పెట్టిస్తారట. రష్యా యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని మా ఊరి కుర్రాళ్ళ పేర్లు దాని మీద చెక్కిస్తారు. మిగతా ఇళ్ళవాళ్ళంతా సరేనన్నారు. ఇక మిగిలింది నా కొడుకు ఎర్మెస్ పేరు. నేనింకా ఏమీ చెప్పలేదు.

పేర్ల కింద లాటిన్‌లో ఒక వరుస ఉంటుంది. ఫాదరుగారు కాగితం మీద రాసి చూపించారు. కళ్ళజోడు తుడుచుకుని ఒక్కో అక్షరం చూసి రాసుకొచ్చాను. పరేంతెస్ సుపెర్‌స్తితెస్ పొసుఎరుంత్. మొదటిది తల్లిదండ్రులని నాకే తెలిసింది. చివరిది పెట్టించారు అని ఆయనే చెప్పారు. నడిమి మాట అడుగుదామంటే పక్కన కాతీనా నిలబడి ఉంది. అన్న సెమినరీలో లాటిన్ పంతులు, చెల్లెలికి ఈ ముక్క రాదా అని ఊరంతా చెబుతుంది. మా అన్నయ్యని అడిగి చెబుతానని ఫాదరుతో అని వచ్చేశాను.

ఆ నడిమి మాటకి అర్థం రాయండి. అంతకు మించి ఏమీ రాయనక్కర్లేదు.

మీ చెల్లెలు
ఓర్సొలా


ఊదినే
మార్చి ఆఖరు

చెల్లెలు ఓర్సొలాకి ఆశీస్సులు.

కిటికీలో పేపరు కుక్కించాను. దగ్గు ఉంది, వయసూ ఉంది, రెండూ ఒకదానికొకటి అలవాటు పడ్డాయి. దిగులు పెట్టుకోకు. పెట్టుకోకు అంటే మానవని తెలుసు, అయినా రాస్తున్నాను.

నువ్వు అడిగిన మాట ఒక విశేషణం. ఒక్క మనిషైతే సుపెర్‌స్తెస్, చాలామందైతే సుపెర్‌స్తితెస్. సుపెర్ అంటే పైన. వెనక ఉన్న ముక్క నిలబడడం అనే మాటలోంచి వచ్చింది. పక్కవాళ్ళు పడిపోయాక ఇంకా నిలబడి ఉన్న మనిషి అన్నమాట. మామూలుగా చెప్పాలంటే బతికి మిగిలినవాళ్ళు. బతికి మిగిలిన తల్లిదండ్రులు పెట్టించారు అని మీ ఫాదరు రాశారు. తప్పేమీ లేదు.

లాటిన్‌లో చాలా విశేషణాలు మనిషిని చూసి వేషం మారుస్తాయి. మగవాడి పక్కన ఒక తోక, ఆడదాని పక్కన ఇంకో తోక. ఇది మార్చదు. తండ్రికీ ఇదే, తల్లికీ ఇదే. సెమినరీ కుర్రాళ్ళకి ఇది ఇష్టంగా ఉండేది, బట్టీ పట్టవలసింది తక్కువ కదా. ఇంకో గుణం ఉంది. ఈ మాట పలికితే, ఎవరు పోయాక మిగిలారు అని వినేవాడు అడుగుతాడు. పక్కన ఇంకో పేరు లేనిదే దానికి తీరదు. పలక మీద ఆ పేర్లు పైనే ఉంటాయి గనక కింద మళ్ళీ రాయలేదు.

అర్థం రాయమన్నావు, రాశాను. నా అభిప్రాయం నువ్వు అడగలేదు.

ఇడా ఎలా ఉంది? ఈ చలికాలం నువ్వు రాసిన ఉత్తరాల్లో ఆమె నిచ్చెన దగ్గర తప్ప ఎక్కడా కనబడలేదు.

చెల్సో


రువాల్
మే నెల, ఆవుల్ని కొండమీది మేతకి తోలే ముందు

అన్నయ్యగారికి నమస్కారాలు.

ఆ మాట నాకు నచ్చలేదు. మీరు బాగానే వివరించారు, నాకే నచ్చలేదు. నేను దేవుణ్ణి అడిగేది వేరు. పొద్దున్నే లేవగానే, పాలు పిండేటప్పుడు, ఉప్పు ఒలికితే, తలుపు దానంతటదే కొట్టుకుంటే, కుక్క రోడ్డువైపు చూసి మొరగకుండా ఊరుకుంటే, ఎర్మెస్ పేరు చెప్పి ఒక జపం. నన్ను ముందు తీసుకుపో, వాణ్ణి తరవాత. ఇన్నేళ్ళూ ఇదే. ఇప్పుడు ఫాదరు గోడ మీద దానికి తలకిందులుగా రాయిస్తానంటారు.

వాడు అక్కడెక్కడో ఉండి ఉంటాడు. రష్యా పెద్ద దేశమంటారు. ఎవరో పిల్లని చేసుకుని బంగాళాదుంపలు పండించుకుంటూ ఉంటాడు. నేను కోప్పడను. ఉత్తరం రాయకపోయినా కోప్పడను, వాడికి రాయడమంటే మొదటినుంచీ బద్ధకం. ఒక ఏడు ఆత్మల పండుగనాడు పాత ఫాదరు చనిపోయినవాళ్ళలో వాడి పేరు చదివితే, బెంచీలోంచి లేచి, వాడు ఆ వరుసవాడు కాడు, బతికున్నవాళ్ళలో చదవండి అన్నాను. చర్చంతా వెనక్కి తిరిగి చూసింది. ఆయన అలాగే చదివారు. అప్పటినుంచి ఊళ్ళో నా ముందు ఎవరూ వాడు పోయాడన్న మాట ఎత్తరు.

ఇడా సంగతి అడిగారు. ఇడా బాగానే ఉంది. పాలసంఘంలో చీజ్ చేసే ఫ్యూరియో ఆమెని పెళ్ళాడతానని అడిగాడట. ఆమె చెప్పలేదు, కాతీనా చెప్పింది. "నీ కోడలి పాలడబ్బా అందరి డబ్బాల కంటే ఆలస్యంగా ఖాళీ అవుతోంది. ఎందుకో కనుక్కో," అంది. ఫ్యూరియో మంచివాడే. చేతులు శుభ్రంగా ఉంటాయి. కానీ ఇడా ఎర్మెస్ భార్య కదా. ఒక్క వేసవి కూడా నిండా కాపురం చేయలేదు, అయినా భార్యే కదా.

సర్కారువాళ్ళ కాగితం ఎప్పుడో వచ్చింది, చనిపోయినట్టు భావిస్తున్నామని. మళ్ళీ పెళ్ళికి చర్చికి అది చాలదట. కళ్ళతో చూసినవాడు బిషప్పుగారి ఆఫీసులో చెప్పాలట. చూసినవాడు అవతలి లోయలోని ప్రీమో, ఎర్మెస్‌తో ఒకే కొండదళంలో యుద్ధానికి వెళ్ళి తిరిగొచ్చినవాడు. ఫాదరు వెళ్ళి అడిగితే, ముందు తల్లి వినాలి, ఆవిడ వినకుండా ఏ ఆఫీసులోనూ నోరు విప్పనన్నాడట. కొండదళంవాళ్ళ పద్ధతి అదట.

నాతో చెప్పడానికి అతని దగ్గర ఏముంది? యుద్ధమయ్యాక ఒకసారి మా ఇంటికి వచ్చాడు. కట్టెపుల్లలా ఉన్నాడు, సూప్ పెట్టాను. చెంచా కింద పెట్టినప్పుడల్లా ఇంకో గరిటె పోశాను. కోళ్ళ గురించి, పైకప్పు కారడం గురించి అన్నీ చెప్పాను. చివరికి బస్సు వేళయిందని లేచి వెళ్ళిపోయాడు. ఏమీ చెప్పలేదు. ఉంటే చెప్పేవాడు కదా.

ఓర్సొలా


ఊదినే
జూన్ మొదట్లో

ఓర్సొలా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. సూప్ దగ్గర ఆగిపోతున్నాను. అతను ఒక్క మాటయినా చెప్పే సందు ఇచ్చావా నువ్వు?

నువ్వు అడగకపోయినా ఆ విశేషణం గురించి ఇంకొంచెం రాస్తాను. పూర్వం రోమువాళ్ళలో కొందరు తల్లిదండ్రులు రోజంతా గుళ్ళో కూర్చుని బలులిచ్చి మొక్కుకునేవారట, మా పిల్లలు మా తరవాత మిగలాలి, సుపెర్‌స్తితెస్ కావాలి అని. చీటికీ మాటికీ భయపడి మొక్కేవాళ్ళని జనం ఆ మాటతోనే పిలవసాగారని ఆ కాలంవాళ్ళే రాసిపెట్టారు. మన భాషలో మూఢనమ్మకాలవాళ్ళని సుపెర్‌స్తిత్సియోసి అంటామే, ఆ మాట దాని పిల్లే. కుక్క మొరగలేదని జపం చేసే ఆడమనిషి వాళ్ళకి కొత్త కాదు. నువ్వు ఒక్కదానివే అలా ఉన్నావనుకోకు, రెండువేల ఏళ్ళుగా ఉన్నారు.

నువ్వు కోరుకున్న మాటా, ఫాదరు రాసిన మాటా ఒకటే ఓర్సొలా. నువ్వు కొడుకు పక్కన పెట్టమన్నావు. అది నీ పక్కన వచ్చి కూర్చుంది. దాన్ని ఎవరూ నీ మీదకి తోయలేదు.

ప్రీమో దగ్గరికి వెళ్ళు. అతను ఏం చెబుతాడో నాకూ తెలియదు.

చెల్సో


రువాల్
ఎండుగడ్డి రోజులు

అన్నయ్యగారికి.

మీ ఉత్తరం అందింది. గడ్డి కోత మొదలైంది. మబ్బు పడుతోంది, తడిస్తే కుళ్ళుతుంది. ఎర్రకోడి గుడ్డు పెట్టడం మానేసింది. నా మోకాలు అలాగే ఉంది.

మీకు చదువుంది, రాయగలరు.

ఇడా ఫ్యూరియోని ఇక అడగొద్దని చెప్పేసిందట. పాలడబ్బా ఇప్పుడు త్వరగానే వస్తోంది. నాతో ఏమీ అనలేదు. గడ్డిబుట్ట వీపున వేసుకుని నా ముందు నడుస్తుంటే చూశాను, తలగుడ్డ కింద వెంట్రుకలు నెరిశాయి. ఎప్పుడు నెరిశాయో తెలియదు. ఒకే ఇంట్లో ఉంటున్నాం. "బాధగా ఉందా అమ్మాయ్?" అని అడిగాను. "లేదత్తయ్యా. వాన వస్తుంది, పదండి," అంది.

ఒకటి అడుగుతాను. ఆ మాట మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఒకటే అన్నారు. తల్లిదండ్రులకి మాత్రమే వాడతారా?

ఓర్సొలా


ఊదినే
ఆగస్టు

చెల్లీ,

ఈ ఉత్తరం మంచంలోనే రాస్తున్నాను, గీతలు వంకరగా ఉంటే క్షమించు. జ్వరం తగ్గింది, డాక్టరు ఇంకా లేవనివ్వడు.

కిందటిసారి నీకు పాఠం చెప్పినట్టు రాశాను. నలభై ఏళ్ళ అలవాటు. ఎర్మెస్ కూడా ఈ విశేషణాల దగ్గరే నా పాఠం వదిలి పారిపోయాడు, గుర్తుందా? ఆవులకి ఇన్ని తోకలు లేవు మామయ్యా అని, ఆ మధ్యాహ్నమే నడిచి మీ ఇంటికి వచ్చేశాడు. నాకు కోపం రాలేదు. నీకెప్పుడూ చెప్పలేదు, ఆ రోజంతా తలుచుకుని నవ్వుకున్నాను.

నీ ప్రశ్నకి జవాబు. తల్లిదండ్రులకి మాత్రమే కాదు. పోయినవాడి తరవాత ఎవరు మిగిలితే వాళ్ళది. తమ్ముడిది, స్నేహితుడిది, భార్యది. ముసలివాళ్ళా వయసువాళ్ళా అని కూడా చూడదు. ఇడాది కూడా.

ప్రీమో దగ్గరికి నేను నీ వెంట రావలసింది. ఒంట్లో ఓపిక లేదు.

చెల్సో


రువాల్
సెప్టెంబరు, మరియమాత పుట్టినరోజు మర్నాడు

అన్నయ్యా,

వెళ్ళొచ్చాను. రాయకపోతే మీరు దిగులుపడతారని రాస్తున్నాను.

మీ ఉత్తరంలో చివరన ఇడాది కూడా అని రాశారు. అది నాకు తోచలేదు. ఇన్నేళ్ళూ పోగొట్టుకున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను, పోగొట్టుకోలేదనీ అనుకున్నాను. నా జపాల్లో ఆమె పేరే లేదు. ఒక్కసారి కూడా లేదు. మర్నాడు పొద్దున పాలు పిండుతూ, "ఇడా, ప్రీమో ఉండే ఊరికి బస్సు ఎన్నింటికి?" అన్నాను. ఆమె బకెట్ కింద పెట్టింది. ఏ బస్సో చెప్పింది. అన్నీ ముందే తెలుసుకుని ఉంది.

ప్రీమో ఇంటి ముందు కూర్చుని గడ్డి లాగే దంతె పళ్ళు బిగిస్తున్నాడు. లావయ్యాడు. చేతికి రెండు వేళ్ళు లేవు, అప్పట్లో నేను చూడలేదు. మమ్మల్ని చూసి లేచి టోపీ తీశాడు. వాళ్ళ ఆవిడ వైన్ తెచ్చి పెట్టి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను దారి గురించి, బస్సులో కుదుపుల గురించి మొదలుపెట్టాను. ఇడా నా మోచేతి మీద చెయ్యి వేసింది. ఆపేశాను.

అతను తిన్నగా చెప్పాడు. వెనక్కి నడిచి వస్తున్నారట. చాలా రోజుల నడక. ఒక పల్లెలో పశువులపాక దొరికితే అందులో దూరారు. ఎర్మెస్ గోడవైపు పడుకున్నాడు. పొద్దున ప్రీమో లేపాడు.

"లేవలేదమ్మా. ఒళ్ళు గట్టిపడిపోయింది. వాడి కళ్ళు నేనే మూశాను. తవ్వుదామంటే నేల రాయిలా ఉంది. గడ్డి కప్పి వచ్చేశాను."

"కాళ్ళకి ఏముంది?" అని అడిగాను.

"ఏంటమ్మా?"

"వాడి కాళ్ళకి. బూట్లున్నాయా?"

"బూట్లు చిరిగిపోయాయి. దుప్పటి ముక్కలు చుట్టుకున్నాం."

"ఊలుదా?"

"ఊలుదే."

"తడిగా ఉందా?"

అతను కాసేపు నా వైపు చూశాడు. "లేదమ్మా. ఆ రాత్రి పొడిగానే ఉంది. పాకలో ఆవు కూడా ఉంది, దాని పక్కన వెచ్చగా ఉంది."

సరే అన్నాను. ఏమన్నా అన్నాడా అని ఇడా అడిగింది. ఏమీ అనలేదని, నిద్రలో పోయాడని చెప్పాడు. ఆమె తలగుడ్డతో మొహం కప్పుకుంది. నేను ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. బస్సు వెళ్ళిపోతుందేమోనని భయం మాత్రం వేసింది. మంచులో చాలాసేపు ఉంచిన చెయ్యి గిల్లినా తెలియనట్టు ఉంది నాకు. ఈ ఉత్తరం రాస్తున్నప్పుడూ అలాగే ఉంది.

ఇంటికి వచ్చాక ఫాదరు దగ్గరికి వెళ్ళి, చెక్కించండి అన్నాను. పుట్టిన సంవత్సరం చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నారు, వినలేదు. ప్రీమో వచ్చే వారం బిషప్పుగారి ఆఫీసుకి వస్తాడట. ఊదినేలోనే కదా, వీలైతే అతనికి ఒక పూట భోజనం పెట్టించండి.

పొద్దున లేచి అలవాటుగా జపం మొదలుపెట్టాను. నన్ను ముందు అనబోయి ఆగాను. తరవాత ఏమనాలో తెలియక పాలు పిండుకున్నాను.

ఓర్సొలా


ఊదినే
అక్టోబరు

చెల్లీ,

ప్రీమో వచ్చాడు. నాతోపాటు ఇక్కడే భోంచేశాడు. ఆఫీసులో చెప్పవలసింది చెప్పాడు, రాసుకున్నారు, సంతకం చేశాడు. చలికాలం దాటేలోగా అనుమతి వస్తుందన్నారు.

నిన్ను గురించి అడిగాడు. మీ చెల్లెలుగారు చాలా ధైర్యవంతురాలు అన్నాడు. మా చెల్లెలి గురించి ఆ మాట నేనెప్పుడూ వినలేదని చెప్పాను. ఇద్దరం కాస్త నవ్వాం. తరవాత నేను నా గదికి వెళ్ళి వాడి కోసం ప్రార్థన చేశాను. చనిపోయినవాళ్ళ వరుసలో చేశాను. మొదటిసారి.

చెల్సో


రువాల్
కార్నివాల్ చివరి శుక్రవారం

పూజ్యులు అన్నయ్యగారికి.

పెళ్ళి నిన్న పొద్దున అయిపోయింది. మీరు పంపిన తలగుడ్డ ఇడా కట్టుకుంది. చలి చాలా ఉంది, పెళ్ళిలో అందరూ తుమ్మారు. ఇడా ఇప్పుడు పాలసంఘం మేడ మీద ఉంటుంది. ఇక్కడికి నాలుగడుగులు. అయినా ఆ మెట్లు జారుడుగా ఉంటాయి, మీద బూడిద చల్లమని ఫ్యూరియోకి రెండుసార్లు చెప్పాను.

పెళ్ళి ముందురోజు జరిగింది మీకు చెప్పాలి. ఊళ్ళోవాళ్ళ నోటి ద్వారా వింటే వేరేగా ఉంటుంది.

మన చిన్నప్పుడు పియెరా అత్త రెండో పెళ్ళి చేసుకుంటే, ముందురోజు సాయంత్రం కుర్రాళ్ళంతా కిటికీ కింద చేరి రేకు డబ్బాలు, ఆవుల గంటలు మోగించడం గుర్తుందా? మీరూ ఒక మూత పట్టుకుని వెళ్ళారు, నాన్న చెవి మెలిపెట్టారు. విధవ పెళ్ళంటే ఇప్పటికీ అదే. కాసేపు ఎగతాళి చేస్తారు, వైన్ తాగి పోతారు, మర్నాటినుంచి ఎవరూ నోరెత్తరు. డబ్బాలు మోగని పెళ్ళికి మాత్రం గుసగుసలు ఆగవు. ఆ పిల్ల మొగుడు ఉన్నాడో లేడో అంటారు. పుట్టబోయే పిల్లల్ని కూడా అంటారు.

నేను వైన్ తెప్పించాను. చాలదేమోనని ఇంకో కూజా తెప్పించాను. పొద్దు వాలుతోంది. ఎవరూ రాలేదు. ఇడా పెళ్ళిబట్టలు ఇస్త్రీ చేస్తోంది. చల్లారిన ఇస్త్రీపెట్టెతో చేసిన చోటే చేస్తోంది, చెవులు కిటికీవైపే ఉన్నాయి. నేను తలుపు సందులోంచి చూశాను. కుర్రాళ్ళు పాలసంఘం మూల దగ్గర డబ్బాలు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నారు. మా ఇంటివైపు చూస్తారు, కిందకి చూస్తారు. కాతీనా కిటికీలోంచి ఏమైందని అరిస్తే ఒకడు చెప్పాడు, నాకు వినబడింది. "ముసలమ్మ లోపలే ఉంది. ఆమె చెవిన పడేలా ఎలా మోగిస్తాం?"

నాకు ఏమీ అనిపించలేదు అన్నయ్యా. కోపం రాలేదు, దుఃఖం రాలేదు. పొయ్యి మీద సంకటి గుండిగ ఉంది. మొక్కజొన్న సంకటి సగం అడుగంటి ఉంది. గీకి పళ్ళెంలో వేశాను. గుండిగ చేతికి తగిలించుకుని, తెడ్డు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళాను. మంచు గట్టిపడి ఉంది, జారతానేమోనని తలుపు కమ్మీ పట్టుకున్నాను. తెడ్డుతో గుండిగ మీద కొట్టాను.

చిన్నగా మోగింది. ఇంకా గట్టిగా కొట్టాను. దెబ్బ మణికట్టులో తెలిసింది, అంతే. కుర్రాళ్ళు కదల్లేదు. కుక్క మొరగడం మొదలుపెట్టింది. వెనక ఇడా గుమ్మంలోకి వచ్చింది, ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆపలేదు.

కాతీనా కిటికీ మొత్తం తెరిచి, "ఓర్సొలా, మతి పోయిందా నీకు? ఏంటా మోత?" అంది.

"విధవ పెళ్ళే కాతీనా," అన్నాను. "నువ్వూ మోగించు."

ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి. ఊరంతా విన్నది. కాతీనా లోపలికి వెళ్ళి మూతలు రెండు తెచ్చుకుంది.

మీ చెల్లెలు
ఓర్సొలా